పాత ట్రాలీ కొన్నాక, మొదటి లోడు వేయకముందు

పాత ట్రాక్టర్ ట్రాలీ కొనేవాళ్లలో చాలామంది డబ్బా చూసి బేరం చేస్తారు. రేకు మందమెంత, పలకలు వంగాయా, రంగు ఎట్లుంది, అంతటితో చూపు ఆగిపోతుంది. డబ్బాకు చిల్లు పడితే ఒక పూట వెల్డింగ్‌తో సరిపోతుంది. రోడ్డు మీద ప్రాణాల మీదికి తెచ్చేవి హుక్కు, ఇరుసు, హబ్బు (ఇరుసు కొసన బేరింగుల మీద తిరిగే చక్రం నడిమి భాగం), టైరు. ఇవన్నీ కిందనే ఉంటాయి, కింద పడుకుంటే తప్ప కనపడవు. అందుకే చూడడానికి పోయేటప్పుడు పరుచుకోను ఒక గోనె సంచి, టార్చి, కొలిచే టేపు, చిన్న సుత్తి, వైరు బ్రష్, సీసాలో కాస్త డీజిల్, రెండు సుద్దముక్కలు వెంట పెట్టుకోండి. కొనేశాక ఈ వ్యాసం చదువుతున్నా ఫర్వాలేదు. యాసంగి వడ్లు కల్లానికి రాకముందే ఇవన్నీ ఒకసారి చూసుకోవచ్చు.

మన వైపు తిరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత ట్రాక్టర్ హుక్కు మీద మోపుతుంది. రివర్సు సులువు, మట్టి పనికి, పెంట తోలడానికి బాగుంటుంది. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోసుకుంటుంది. ముందు ఇరుసు టర్న్‌టేబుల్ అనే గుండ్రటి రింగు మీద అటూ ఇటూ తిరుగుతుంది. బస్తాల లోడుకు, దూరం పోవడానికి మంచిది, కానీ రివర్సులో కొత్తవాళ్లకు చెమటలు పట్టిస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు, పొలం పనులే ఎక్కువైతే, రెండు చక్రాలదే మేలు.

హుక్కు, డ్రాబార్

ముందు భాగంతో మొదలుపెట్టండి. డ్రాబార్, అంటే ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే ముందరి ఇనుప దూలం, దాని చివర పిన్ను దూర్చే కన్ను గుండ్రంగా ఉండాలి. ఏళ్ల తరబడి లాగి లాగి అది ముందుకు వెనక్కి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కన్ను చుట్టూ ఉన్న ఇనుము మందాన్ని పక్కల ఒకసారి, ముందు భాగంలో ఒకసారి కొలవండి. ముందు భాగం పక్కలకన్నా బాగా పలచబడి ఉంటే కన్ను మార్పించాలి. దాని మీద వెల్డింగ్ పోసి మందం పెంచి ఇస్తామంటారు. ఒప్పుకోకండి. బరువు మొత్తం లాగే చోట అట్లా పోసిన లోహం పెళుసుగా మారి, చెప్పకుండా విరుగుతుంది.

పిన్ను కన్నులో వదులుగా ఆడకూడదు. ఆడితే గేరు మార్చిన ప్రతిసారీ, బ్రేకు తొక్కిన ప్రతిసారీ ట్రాలీ వచ్చి గుద్దుతుంది. ఆ దెబ్బలతోనే ట్రాక్టర్ హుక్కు బోల్టులు వదులవుతాయి. పిన్ను కింద క్లిప్పు తప్పకుండా ఉండాలి. క్లిప్పు బదులు వైరు ముక్క, మేకు, పుల్ల పెట్టి నడిపేవి మన రోడ్ల మీద లెక్కలేనన్ని. గుంతలో ఎగిరినప్పుడు పిన్ను పైకి లేచి బయటికి వచ్చేస్తుంది. క్లిప్పుతోపాటు డ్రాబార్ నుంచి ట్రాక్టర్‌కు ఒక గట్టి గొలుసు కూడా వేయండి. మలుపు తిరగడానికి సరిపడా వదులుంటే చాలు, నేలకు రాసుకోకూడదు.

ట్రాలీని ఎప్పుడూ ట్రాక్టర్ కింది హుక్కుకే తగిలించాలి. పై లింకుకో, ఇరుసుకన్నా ఎత్తున్న ఇంకో చోటికో తగిలిస్తే బరువు లాగేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడుతుంది. చెరువు కట్ట ఎక్కేటప్పుడు ఇది రెప్పపాటులో జరిగిపోతుంది.

చాసిస్ పగుళ్లు

కొత్త రంగు వేసిన పాత ట్రాలీ అంటే కొంచెం అనుమానంతోనే చూడాలి. రంగు వేయడం తప్పు కాదు. ఏం దాచడానికి వేశారన్నదే ప్రశ్న. పగుళ్లు ఎక్కువగా మూడు చోట్ల వస్తాయి: డ్రాబార్ చాసిస్‌కు (డబ్బాను మోసే అడుగు చట్రానికి) కలిసే మూల, కమాన్ కట్టలను (స్ప్రింగు పట్టీలను) పట్టుకునే బ్రాకెట్ల మొదళ్లు, లేపే డబ్బా అయితే వెనకాల ఇరుసుపిన్ను గల మడత.

ఆ చోట్ల వైరు బ్రష్‌తో రంగు, మట్టి గీకండి. గుడ్డతో డీజిల్ బాగా పట్టించి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దముక్కను పొడిగా రుద్దండి. పగులు ఉంటే లోపల ఇంకిన డీజిల్ మెల్లగా బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నని నల్లగీత తేలుతుంది. కంటికి కనిపించని వెంట్రుకవాసి పగులు కూడా దీనికి దొరుకుతుంది. సుత్తితో కొట్టి చూడడం కూడా ఒక పద్ధతే. గట్టి ఇనుము గణగణమంటుంది, పగిలినదీ వదులైనదీ డబ్‌మని చచ్చు చప్పుడు చేస్తుంది.

పగులు దొరికితే దాని మీద నేరుగా వెల్డింగ్ గీత లాగించి వదిలేయకండి. ముందు పగులు రెండు చివర్ల చిన్న రంధ్రం వేయించాలి, లేకపోతే వెల్డింగ్ పక్కనుంచే పగులు ముందుకు పాకుతుంది. తర్వాత పగులు పొడవునా గాడి తీసి, 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో నింపి, పైన పట్టీ వేయాలి. ఆ రాడ్లు పొడిగా ఉండాలి. తేమ పట్టిన డబ్బాలోంచి తీసి కొడితే అతుకు మళ్లీ పగులుతుంది. ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించి ఉంచి వెల్డింగ్ చేయిస్తుంటే బ్యాటరీ వైరు తీసేయండి. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లోనే పెట్టమనండి. ఎక్కడో చక్రం మీద పెడితే కరెంటు బేరింగు గుండా పోయి రోలర్ల మీద మచ్చలు పడతాయి. ఆ బేరింగు నెల తిరగకుండానే గోల మొదలుపెడుతుంది.

ఇరుసు సూటిగా ఉందా

ఇది దాదాపు ఎవరూ చూడరు. కొలవడానికి ఇద్దరు మనుషులు, పది నిమిషాల టైము ఉంటే చాలు. సమతలం మీద ట్రాలీ నిలిపి, డ్రాబార్ కన్ను నడుమ నుంచి ఎడమ హబ్బు నడుమకు టేపుతో కొలవండి. తర్వాత కుడి హబ్బుకు కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే ఇరుసు వంకరగా కూర్చుంది. అటువంటి ట్రాలీ రోడ్డు మీద ఒక పక్కకు జరిగి నడుస్తుంది, టైర్లు ఒక అంచున అరిగిపోతాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

కారణం చాలాసార్లు కమాన్ కట్ట సెంటర్ బోల్టు తెగడం. కట్టలోని పట్టీలన్నీ ఒక్క బోల్టుతో నడుమ కూర్చుంటాయి. దాని తల ఇరుసు మీది రంధ్రంలో ఇమిడి ఇరుసును కదలకుండా పట్టుకుంటుంది. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే ఆ సన్నని బోల్టు మీదే బరువు పడి తెగిపోతుంది. ఒక్కో యూ బోల్టుకు నట్టు మీద నట్టు, అంటే రెండేసి నట్లు ఉండాలి. కొత్త కట్ట వేయించాక మొదటి లోడు తర్వాత మళ్లీ బిగించండి, పట్టీలు అణిగి బోల్టులు కొంత వదులవుతాయి. పట్టీల్లో విరిగినది ఉందేమో చూడాలంటే అడ్డంగా సన్నటి ఎర్రటి తుప్పు గీత కోసం వెతకండి. పై పట్టీ బాగుండి, రెండోది లోపల విరిగి ఉండడం మామూలే.

నాలుగు చక్రాల ట్రాలీకి ఇంకో పని ఉంది. ముందు భాగం జాకీతో లేపి, టర్న్‌టేబుల్‌ను గడ్డపారతో పైకి కిందికి ఆడించండి. కొద్దిగా ఆడితే సహజం. టకటక కొట్టుకుంటే లోపలి గోళీలు గానీ, రింగు గాడి గానీ అరిగిపోయినట్టు. గ్రీజు నిపుల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మొనలు) మట్టితో మూసుకుపోయి ఉంటాయి. మార్చి, తిప్పుతూ గ్రీజు ఎక్కించండి, ఒకే చోట నిలబెట్టి కొడితే రింగు చుట్టూ పట్టదు.

హబ్బులు: ఈ పని మొదటి వారంలోనే

ఎంత కొత్తగా గ్రీజు కొట్టించామని అమ్మినాయన చెప్పినా నమ్మి ఊరుకోవద్దు. హబ్బులు విప్పి చూసుకోవాలి. రెండు చక్రాల ట్రాలీకి ఒక పూట పని.

ఖాళీ ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించి, హ్యాండ్ బ్రేకు వేసి, రెండో వైపు చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. బాటిల్ జాకీని ఇరుసు కింద, కమాన్ కట్టకు దగ్గర్లో పెట్టి లేపండి. లేపాక చెక్క దిమ్మె పెట్టకుండా చెయ్యి కింద పెట్టకండి. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని లోపలికి బయటికి ఊపండి. చేతికి తెలిసీ తెలియనంత ఆట ఉంటే బాగున్నట్టు. టక్‌మని కొడితే బేరింగు వదులైంది. చక్రాన్ని గట్టిగా తిప్పి చెవి దగ్గర పెట్టి వినండి, గరగర అంటే లోపల ఇసుక గానీ, మచ్చలు పడ్డ రోలర్లు గానీ ఉన్నట్టు.

మూత తీసి, కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా ఆపే రెండు కొసల పిన్ను) లాగి, నట్టు విప్పండి. నట్టు, వాషరు, బయటి బేరింగు వచ్చాక హబ్బు బయటికి జారుతుంది. బేరింగులను డీజిల్‌లో కడిగి గుడ్డతో తుడవండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టడం సరదాగా ఉంటుంది కానీ గ్రీజు లేకుండా తిరిగితే రోలర్లు పాడవుతాయి, బేరింగు చేతిలోనే విడిపోయి తగిలే ప్రమాదం కూడా ఉంది. రోలర్ల మీద నీలం రంగు మసక కనిపిస్తే బాగా వేడెక్కినట్టు. గుంటలు, గీతలు కనిపించినా మార్చాల్సిందే. లోపలి భాగం మార్చేటప్పుడు హబ్బులో కూర్చునే బయటి రింగునూ మార్చాలి. పాత రింగులో కొత్త రోలర్లు తిరిగితే కొత్తవీ పాతబడతాయి. బేరింగు నంబరు దాని అంచు మీదే చెక్కి ఉంటుంది. నంబరు రాసుకుపోవడం కన్నా పాతదాన్నే పట్టుకుపోయి వరంగల్‌లో ట్రాక్టర్ సామాన్లు అమ్మే దుకాణంలో చూపించండి. ఒక్క అంకె తప్పితే మళ్లీ బస్సెక్కాలి.

గ్రీజు లిథియం రకం, వీల్ బేరింగుకు పనికొచ్చేది తీసుకోండి. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకొని, బేరింగు వెడల్పు అంచును దానికి కొడుతూ, రోలర్ల సందుల్లోంచి రెండో వైపు గ్రీజు బయటికి వచ్చేదాకా నింపండి. పైన పూస్తే నిండినట్టు కాదు. హబ్బు లోపలి ఖాళీలో మాత్రం సగానికి మించొద్దు. నిండా కుక్కితే గ్రీజు చిలికి వేడెక్కి, ఆయిల్ సీలును తోసుకొని బయటికి వస్తుంది. సీలు కొత్తదే వేయండి, పెదవి హబ్బు లోపలి వైపు తిరిగి ఉండాలి. దారిలో వాగులు దాటే ట్రాలీ అయితే సీలు విషయంలో అసలు పైసలు చూడొద్దు. వేడిగా ఉన్న హబ్బు నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకొని నీళ్లను లోపలికి లాక్కుంటుంది.

నట్టు బిగించడంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. హబ్బును చేత్తో తిప్పుతూనే నట్టును బిగిస్తూ పోండి, తిరగడం బరువనిపించేదాకా. అప్పుడు వెనక్కి వదిలి, పిన్ను రంధ్రం కలిసే మొదటి గాడి దగ్గర ఆపండి. హబ్బు తేలిగ్గా తిరగాలి, ఊపితే టకటక అనకూడదు. కొత్త కాటర్ పిన్ను వేసి రెండు కొసలు విడదీసి వంచండి. మేకు వంచి పెడితే అది ఏదో ఒకరోజు తెగి పడుతుంది. నట్టు ఊడితే చక్రం మీకన్నా ముందు పొలంలోకి పోతుంది.

అంతా అయ్యాక సగం లోడుతో పది కిలోమీటర్లు నడిపి ఆపి, హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. అన్నీ ఒకే తీరుగా గోరువెచ్చగా ఉంటే సరే. ఒక్కటే చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే నట్టు ఎక్కువ బిగిసింది, లేదా బేరింగు చెడింది. ఈ అలవాటు ప్రతి పెద్ద ట్రిప్పులో పెట్టుకోవచ్చు, దీనికి ఖర్చేం లేదు.

టైర్లు

ట్రాలీలకు 9.00-16 సైజు టైర్లు తరచుగా కనిపిస్తాయి. లారీలు వదిలేసిన పాత టైర్లతో నడిచేవీ తక్కువేం కాదు. గీతలు లోతుగా ఉన్నాయని సంబరపడొద్దు, ఏ ఏడాది టైరో చూడండి. పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఎండలో నిలిచే ట్రాలీ టైర్లు నడవకపోయినా పగుళ్లిస్తాయి. పక్క గోడల్లో దారాలు కనిపించే పగులు, బుడగ ఉంటే బేరంలో టైరు ఖరీదు తగ్గించుకోండి, లోడు వేయకముందే మార్చండి.

గాలి ఎంత దాకా కొట్టొచ్చన్నది అదే పక్క గోడ మీద ఉంటుంది, దాన్ని మించొద్దు. గాలి తక్కువైన టైరు పక్క గోడ నలిగి నలిగి వేడెక్కి, రోడ్డు చల్లగా ఉన్న రాత్రిపూట కూడా పేలుతుంది. రెండు టైర్లలో గాలి సమానంగా లేకపోతే ట్రాలీ ఒరిగి, లోడు ఆ పక్కకే జరుగుతుంది.

రింగు వేసి బిగించే రిమ్ములతో జాగ్రత్త. గాలి పూర్తిగా తీసేయకుండా రింగు మీద సుత్తి వేయకూడదు. గాలి కొట్టేటప్పుడు రింగుకు ఎదురుగా నిలబడొద్దు. చుట్టూ గొలుసు చుట్టి, పక్కన నిలబడి, పొడవు పైపుతో కొట్టండి. తుప్పు తిన్న రింగు ఎగిరి తగిలితే మనిషి బతకడు. చక్రం బిగించేటప్పుడు నట్లు వరుసగా కాక ఎదురెదురుగా బిగించండి, 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి బిగించండి.

లేపే డబ్బా ఉంటే

హైడ్రాలిక్ జాకీ ట్రాక్టర్ నూనెతోనే పని చేస్తుంది. డబ్బా పూర్తిగా లేచినప్పుడు ట్రాక్టర్‌లోని నూనె చాలా లీటర్లు జాకీలోకి పోతుంది. నూనె మట్టం సరిపోకపోతే పంపు గాలి మింగి కీచుమంటుంది, డబ్బా ఎగిరెగిరి లేస్తుంది. కాబట్టి నూనె మట్టం డబ్బా దించి ఉన్నప్పుడు చూడండి, ఒకసారి లేపి దించాక మళ్లీ చూసి తగ్గినంత పోయండి. పాత యజమాని ట్రాక్టర్ నూనె జాకీలో మిగిలి ఉంటుంది, అది మీ ట్రాక్టర్‌లోకి కలుస్తుంది. నల్లగా గానీ, పాలలాగా గానీ ఉంటే మొదటే ఒంపేయండి. పాలలాంటి నూనె అంటే నీళ్లు కలిశాయి.

పైపు కొసలు నేల మీద పడేసి ఉంచిన ట్రాలీలో మట్టి నేరుగా మీ పంపులోకి వస్తుంది. కప్లర్లను (పైపు కొసల్ని ట్రాక్టర్‌కు కలిపే బిగింపుల్ని) తుడిచి తగిలించండి, తీశాక మూత పెట్టండి. మూత లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు వేయండి.

పరీక్ష ఇది. ఖాళీ డబ్బాను సగం లేపి ఇంజిన్ ఆపి, అంచు ఎత్తు కొలిచి పది నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి. బాగా దిగిపోతే రాడ్డు చుట్టూ తడి చూడండి. తడి ఉంటే జాకీ సీలు పోయింది, సీలు కిట్టు దొరుకుతుంది. తడి లేకుండా దిగుతుంటే ట్రాక్టర్ వాల్వులో లీకు కావచ్చు. ఇంకో ట్రాక్టర్‌కు తగిలించి చూస్తే తేలిపోతుంది. రాడ్డు మీద గుంటలు, గీతలు ఉంటే కొత్త సీలు వేసినా కొద్ది రోజులే.

లేపిన డబ్బా కింద ఇనుప ఊతం పెట్టకుండా తల దూర్చకండి. పైపు తెగితే డబ్బా దిగదు, పడుతుంది. పైకి లేపే ముందు ఒకసారి తలెత్తి చూడండి. పొలాల మీది 11 కేవీ లైన్లు, సాగి వేలాడే తీగలు లేచిన డబ్బా అంచుకు తగలడం పెద్ద విషాదాలకు దారితీస్తుంది. తగలకుండానే దగ్గరికి వచ్చినా కరెంటు దూకుతుంది. తీగ తగిలితే దిగి నేల మీద అడుగు పెట్టొద్దు. సీట్లోనే ఉండి, కరెంటు ఆపించేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు.

మొదట వెనక డోరు గొళ్లెం తీసి ఆ తర్వాతే డబ్బా లేపాలి. నేల సమంగా లేకపోతే లేపొద్దు. తడి మట్టి డబ్బా ముందు భాగంలో అంటుకొని దిగకపోతే, లేపి ఉంచి ముందుకు వెనక్కి కుదపడం ట్రాలీని పక్కకు పడేసే పని. దించి, పారతో వదులు చేయండి.

ఎంత బరువు వేయొచ్చు

డబ్బా నిండేదాకా వేయొచ్చనుకోవడం తప్పు. ఆర్సీలో ఖాళీ బరువు, లోడుతో మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి, వాటి తేడాయే మీరు వేయగలిగింది. ఒక లెక్క చూద్దాం. డబ్బా 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అనుకోండి. అది 120 ఘనపుటడుగులు, దాదాపు 3.4 ఘనమీటర్లు. అంచు దాకా వడ్లు పోస్తే 2 టన్నుల దగ్గర ఉంటుంది. అదే చెరువు ఒండ్రు మట్టి తడిగా నింపితే 5 టన్నులు దాటుతుంది. తడి ఇసుక అయితే 6 టన్నుల పైన. అదే డబ్బా, అదే ఎత్తు, బరువు మూడింతలు. ట్రాలీలు ఎక్కువగా మట్టి, ఇసుక పనుల్లోనే నాశనమవుతాయి. అమ్ముతున్న ట్రాలీ ఇంతకుముందు ఏం తోలిందో అడిగి తెలుసుకోవడంలో ఉన్నంత లాభం రంగు చూడడంలో లేదు.

వడ్ల బస్తా కొనుగోలు కేంద్రంలో 40 కిలోలు. 100 బస్తాలంటే 4 టన్నులు, బస్తా బరువు వేరు. లెక్క సులువే, వేసేటప్పుడు మరిచిపోవద్దు. పత్తి సంగతి వేరు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి ట్రాలీలకు గాలి, కరెంటు తీగలు, నిప్పు, ఈ మూడే శత్రువులు. ట్రాక్టర్ సైలెన్సర్ నిప్పురవ్వ ఎగిరి పడకుండా ముందు భాగం తప్పకుండా టార్పాలిన్‌తో కప్పండి.

రెండు చక్రాల ట్రాలీలో లోడు ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. వెనకకు ఎక్కువైతే డ్రాబార్ పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. ముందుకు మరీ ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగ్ వినదు. హుక్కు మీద ఎంత పడుతుందో తెలుసుకోవాలంటే వేబ్రిడ్జి దగ్గర రెండు తూకాలు వేయించండి. ట్రాలీని విడదీసి, డ్రాబార్‌ను దాని స్టాండు మీద నిలబెట్టి మొత్తం తూచండి. తర్వాత ట్రాక్టర్‌కు తగిలించి, ట్రాలీ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేటట్టు తూచండి. రెండింటి తేడాయే హుక్కు బరువు. మొత్తంలో పదో వంతుకు తక్కువ కాకుండా చూసుకుంటే వెనక్కి తూగదు.

బ్రేకులేని బండి

చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. ట్రాక్టర్ బ్రేకే రెండింటినీ ఆపాలి. లోడున్నప్పుడు ట్రాలీ ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది. రోడ్డెక్కే ముందు ఎడమ కుడి బ్రేకు పెడల్స్ రెండింటినీ కలిపే గొళ్లెం వేయండి. ఒకటే తొక్కితే ట్రాక్టర్ గిర్రున తిరిగి ట్రాలీ కిందికే పోతుంది. చెరువు కట్ట, వాగు ఒడ్డు దిగేటప్పుడు దిగకముందే చిన్న గేరు వేసుకోవాలి. మధ్యలో గేరు మార్చబోయి న్యూట్రల్‌లో పడితే ఆ బరువు ఆగదు. లోడుతో గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లు దాటొద్దు.

ఎర్ర లైట్లు, ఎర్ర రిఫ్లెక్టర్లు వెనక పలకకు ఉండాలి. రిఫ్లెక్టివ్ టేపు వెనకాల ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. లైటు వైరు తెగిపోయినా టేపు పని చేస్తుంది. కొనుగోలు కేంద్రం దగ్గర తూకం ఆలస్యమై చీకట్లో ఇంటికి వచ్చే ట్రాలీలను వెనకొచ్చే లారీ చూడకపోవడమే పెద్ద ప్రమాదాలకు కారణం.  బురద పడితే తుడవాలి, లేకపోతే ఉన్నా లేనట్టే.

మనుషులను ట్రాలీలో ఎక్కించొద్దు. మిరప ఏరడానికో, మేడారానికో అందరూ ఎక్కి పోతూనే ఉన్నారని ఎవరైనా అంటారు. బోల్తా పడితే లోపలున్నవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ లేదు, బీమా కూడా వర్తించదు.

కాగితాలు

ట్రాలీకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. చాసిస్ మీద కొట్టిన నంబరును గీకి, సుద్ద రుద్ది చదివి, ఆర్సీతో కలపండి. కలవకపోతే అక్కడే వదిలేయండి, తక్కువకు ఇస్తున్నారన్నా సరే. పల్లె షెడ్డులో చేయించి, రిజిస్ట్రేషనే లేకుండా తిరుగుతున్న ట్రాలీలు చాలా ఉన్నాయి. కొత్తగా రిజిస్టర్ చేయించాలంటే అనుమతి ఉన్న తయారీదారు ఇచ్చే ఫారం 21 (అమ్మకపు పత్రం), ఫారం 22 (బండి రోడ్డుకు పనికొస్తుందన్న పత్రం) కావాలి. షెడ్డువాళ్ల దగ్గర అవి దొరకవు.

పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏ (రవాణా శాఖ) ఆఫీసుకు తెలపాలి. రాష్ట్రం లోపలి అమ్మకాలకు ఇది. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 (అప్పు తీరి బ్యాంకు పేరు తీసేయొచ్చన్న ఫారం) తీసుకున్నాకే మిగిలిన పైసలు ఇవ్వండి. సంతకాలు పెట్టించుకొని ఫారాలు బీరువాలో దాచిపెట్టడం మన దగ్గర పెద్ద జబ్బు. అమ్మినాయన ఊరు మారినా, కాలం చేసినా పని చాలా కష్టమవుతుంది. ఏపీ 36 నంబరుతో ఉన్న పాత వరంగల్ ట్రాలీకీ, టీఎస్ నంబరుదానికీ ప్లేటు మార్చనక్కరలేదు. 2024 మార్చి నుంచి వచ్చిన టీజీ అన్న అక్షరాలు కొత్త రిజిస్ట్రేషన్లకే. పాత చలాన్లు ఉన్నాయేమో తెలంగాణ ఈ-చలాన్ సైటులో నంబరు కొట్టి చూడండి.

బీమా ట్రాక్టర్‌కు మాత్రమే ఉండి ట్రాలీకి లేకపోతే, ట్రాలీ వల్ల జరిగిన ప్రమాదానికి కంపెనీ చేతులెత్తేస్తుంది. పాలసీలో ట్రాలీ నంబరు కూడా రాయించండి. ఆర్సీలో వ్యవసాయ వాడకమని ఉన్న బండిని కిరాయికి తోలినా ప్రమాదం నాడు అదే మొదటి ప్రశ్న అవుతుంది.

నేల రేకు, వానాకాలం

పెంట, యూరియా తోలిన రోజునే డబ్బా కడగాలి. యూరియా తడిసి రేకు సందుల్లో చేరితే, పెంటలోని తడి అడుగున నిలిస్తే ఇనుము చివుకుతుంది. నీళ్లు పోవడానికి నేల రేకు మూలల్లో అంగుళం రంధ్రాలు రెండు ఉంటే మంచిది. రేకు కింద అడ్డబద్దెల మీద తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన ఎనామెల్ వేయించండి. అడుగు భాగం మరిచిపోవద్దు, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

వానాకాలం పనిలేక నిలిపేటప్పుడు ట్రాలీ ముందు భాగం కొంచెం ఎత్తుగా ఉండేటట్టు డ్రాబార్ కింద దిమ్మె పెట్టండి, వాననీళ్లు వెనక డోరు నుంచి పారిపోతాయి. ఇరుసు కింద కట్టెలు పెట్టి టైర్లు నేలకు ఆననట్టు లేపితే ఇంకా మంచిది. లేపే వీలు లేకపోతే నెలకొకసారి ట్రాలీని కొద్దిగా ముందుకు జరపండి, టైరు ఒకే చోట నలగదు. టైర్ల మీద పాత సంచులు కప్పండి. డబ్బా దించే ఉంచి, హైడ్రాలిక్ పైపు కొసలకు మూతలు పెట్టి పైకి కట్టేయండి, ఎలుకలు రబ్బరు కొరకకుండా.